చూరు మీద గొడ్డలి

మా బావ విల్హో మంచును తిడతాడు. నవంబరులో మొదటి పొర పడిన రోజున వాకిట్లో నిలబడి, "వచ్చావా? రా, నీ సంగతి చూస్తాను" అంటాడు. ఇక ఏప్రిల్ వెళ్ళేదాకా దాని సంగతి చూడటమే ఆయనకు పని. పక్కిల్లు నాదే కనక ఆ తిట్లన్నీ నా వంటింటి కిటికీలోంచి స్పష్టంగా వినపడతాయి. మా అక్క ఐలీకీ వినపడతాయి గానీ, పెళ్ళయిన కొత్తలోనే వాటిని పట్టించుకోవడం మానేసింది.

మాది మిషిగన్ ఉత్తరపు కొస. గనులు ఎప్పుడో మూతపడ్డాయి, గనివాళ్ళు కట్టించిన ఇళ్ళు మాత్రం గుట్ట మీద మిగిలాయి. పెద్ద సరస్సు మీంచి గాలి తిరిగిందంటే చాలు, చూస్తూ ఉండగానే కంచెలు మంచులో మాయమైపోతాయి. మన తాతలు ఫిన్లాండ్ నుంచి వచ్చి ఇంత మంచున్న చోటే ఎందుకు దిగారని చిన్నప్పుడు మా నాన్నను అడిగితే, "ఇక్కడైతే ఇంటి బెంగ ఉండదనుకున్నారేమో" అనేవాడు. బావ కూడా ఈ గుట్ట మీదే పుట్టాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ జిల్లా రోడ్ల మీద మంచు తోసే బండి నడిపాడు. మంచు అంటే తోసేయాల్సిన వస్తువు, గట్టిగా తోస్తే పోతుంది. ఆయనకున్న చదువు అదే, నమ్మకమూ అదే.

ఆయన మొండితనం నాకు మొదటిరోజే తెలిసింది. పిల్లను చూసుకోవడానికి వచ్చే కుర్రాళ్ళు మావైపు పూలు పట్టుకురారు, తువ్వాలు పట్టుకొస్తారు. శనివారం సాయంత్రం పిల్ల తండ్రి పక్కన సౌనాలో, అంటే ఆవిరిస్నానం గదిలో, కూర్చోవాలి. పొయ్యి మీద రాళ్ళు కాలుతుంటాయి, వాటి మీద నీళ్ళు పోస్తే బుస్సుమని ఆవిరి లేస్తుంది, చెక్క మెట్లలో ఎంత పైమెట్టు మీద కూర్చుంటే అంత వేడి. విల్హో చంకలో తువ్వాలుతో వచ్చి తిన్నగా పైమెట్టు ఎక్కాడు. మా నాన్న నీళ్ళు పోస్తూనే ఉన్నాడు, ఈయన దిగడు. చివరికి మా నాన్నే దిగి బయటికొచ్చి అమ్మతో, "వీడు దిగే రకం కాదే. పిల్లనిస్తామని చెప్పెయ్, లేకపోతే వీడు లోపలే ఉడికిపోతాడు" అన్నాడు. ఆ తర్వాత విల్హో బయటికొచ్చి మంచులో బోర్లా పడ్డాడు. కాఫీ, ఏలకుల రొట్టె పట్టుకుని మా అక్క ఆయన లేచేదాకా గుమ్మంలోనే నిలబడింది.

ఆ అక్కకే కీళ్ళ జబ్బు పట్టుకుంది. ముందు వేళ్ళు వాచాయి, తర్వాత వంకర్లు పోయాయి, ఆ తర్వాత పిడికిలి మూసుకుపోయింది. మందులు మింగుతూనే ఉంది. కానీ వారమంతా తెరుచుకోని ఆ పిడికిలి శనివారం సౌనాలో కాసేపు కూర్చుంటే మెల్లిగా విచ్చుకునేది. ఆ సుఖం ఆదివారమంతా ఉండేది, అదృష్టం బాగుంటే సోమవారం కూడా. ఆ కాస్త వ్యవధిలోనే తన జుట్టు తను దువ్వుకునేది, రొట్టెపిండి తను పిసుక్కునేది, నా మీద చెయ్యెత్తి "పోవే, నీ మొహం" అనేది. నాకు ఆ చెయ్యి చూస్తే ప్రాణం లేచొచ్చేది.

వాళ్ళ సౌనా మొదట్లో పెరటి చివర ఉండేది. ఒక జనవరిలో ఆ దారిలో జారిపడి అక్క తుంటి విరగ్గొట్టుకుంది. బావ ఆ దారిని నానా తిట్లూ తిట్టాడు. ఎండాకాలం రాగానే పెరటి సౌనాను పలకా పలకా విప్పేసి, ఆ చెక్క, ఆ పొయ్యి, ఆ రాళ్ళు అన్నీ ఇంట్లోకి మోసుకొచ్చి, వంటింటి వెనక ఉన్న సామాన్ల కొట్టును సౌనాగా మార్చేశాడు. అక్క చేతికర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తే చాలు. గుట్టంతా వచ్చి చూసి మెచ్చుకుంది. నేనూ మెచ్చుకున్నాను.

ఆవిరి పోవడానికి చిల్లు ఎటు పెట్టాలన్న దగ్గర మాత్రం బావ తన తెలివంతా చూపించాడు. "కప్పుకి నా చేత్తో నేను చిల్లు పెట్టుకుంటానా?" అన్నాడు. కొట్టు మీద చిన్న అటక ఉంది. చిల్లు అందులోకి పెట్టాడు.

"బంగారంలాంటి వేడి సైమా!" అన్నాడు నాతో. "ఆకాశానికి ధారపొయ్యడం ఎందుకు? అటక వెచ్చగా ఉంటే ఇల్లూ వెచ్చగా ఉంటుంది."

మాలో ఎవరికీ అది తప్పనిపించలేదు. ఆవిరిని బయటికి వదలడమంటే మా వాళ్ళకు రొట్టె చెత్తలో పారేసినంత పాపం. నిజం చెప్పొద్దూ, నా ఇంట్లో కూడా అలా పెట్టించుకుంటే బాగుండుననుకున్నాను.

ఆ చలికాలమే అసలు కథ మొదలైంది. శనివారం ఆవిరికి అటక వేడెక్కేది. కప్పు మీద మంచు అడుగునుంచి కరిగేది. ఆ నీళ్ళు కిందికి జారి చూరు దగ్గరికి వచ్చేసరికి, చూరు కింద ఇల్లు లేదు కదా, అక్కడ గడ్డకట్టుకునేవి. వారం వారం ఆ గడ్డ పెరిగి చూరు పొడుగునా కట్టలా నిలబడిపోయేది. తర్వాత కరిగిన నీళ్ళకు దారి లేక కప్పు పలకల కిందికి దూరి ఇంట్లో కారేవి. పైనుంచి వాన పడితే బయటికి పొమ్మనొచ్చు, ఈ నీళ్ళు లోపలినుంచి పుట్టినవి.

బావ దీన్ని కూడా తోసేస్తే పోతుందనుకున్నాడు. పొడుగాటి కర్ర చివర పార బిగించుకుని, మంచు ఆగగానే, కాఫీ కూడా తాగకుండా, కింద నిలబడి చూరు మీది మంచు లాగేవాడు. మెడలోకి సగం పడేది, సగం కిందికి. అంత చేసినా కట్ట పెరిగేది. ఎవరో చెప్పారని అక్క పాత మేజోళ్ళలో ఉప్పు నింపి చూరు మీద అడ్డంగా పరిచాడు, ఉప్పు కరిగించిన చాళ్ళలోంచి నీళ్ళు పోతాయని. చర్చికి వెళ్ళేవాళ్ళందరూ ఆగి చూసి నవ్వుకుంటూ పోయారు.

"బావా, మా అక్క మేజోళ్ళు ఊరంతటికీ చూపిస్తున్నావు. ఇంకేమైనా ఉన్నాయా ఆరెయ్యడానికి?"

"నీవి ఉంటే ఇవ్వు. కాస్త పెద్దవి కదా, ఎక్కువ ఉప్పు పడుతుంది."

ఇదీ ఆయన వరస. మరుసటేడు చూరు పొడుగునా వేడి తీగలు వంకరటింకరగా బిగించాడు. అవి తమ చుట్టూ సన్నటి కాలవలు చేసుకుని, గట్టి చలి వచ్చిన రోజున చచ్చి ఊరుకున్నాయి. వేడి కప్పుకి తగలకుండా అటకలో దూది దట్టంగా కూరాడు. ఆవిరికి ఆ దూది తడిసి ముద్దయింది. ఇక చివరికి నిచ్చెన వేసుకుని చిన్న గొడ్డలి పట్టుకున్నాడు. మంచు పగిలింది, దాంతోపాటు కప్పు పలకలూ పగిలాయి. పగిలిన చోట ఇంకాస్త ఎక్కువ కారింది. నేను కిటికీలోంచి చూస్తూ పళ్ళు నూరుకునేదాన్ని. గుట్ట మీద కప్పులన్నీ తెల్లగా ఉంటే వాళ్ళ కొట్టు మీద మాత్రం నల్లగా బోడిగా ఉండేది. అది కనపడ్డం లేదా ఈ మనిషికి అనుకునేదాన్ని.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "బావా, కొట్టు మీద ఒక్కచోటే మంచు నిలవడం లేదెందుకో చూశావా?"

ఆయన నిచ్చెన మీంచి నా వైపు తిరగలేదు. "చూశాను."

"చూసి?"

"చూసి ఏం చెయ్యమంటావే? శనివారం మానెయ్యమని మీ అక్కకి నువ్వు చెప్తావా?"

ఆయనకు అన్నీ తెలుసు, తెలిసే కొడుతున్నాడు. అప్పటిదాకా ఆయన్ని మూర్ఖుడనుకున్నాను. మూర్ఖుడైతేనే బాగుండేదనిపించింది.

ఈ ఏడు క్రిస్మస్ దాటాక వంటింటి వెనక గోడ ఉబ్బింది. కప్పులు వేసే డెన్నిస్ మా చర్చివాడే, వచ్చి అటకలోకి తల పెట్టి, వెంటనే తీసేశాడు. టోపీ తీసి చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"పెద్దాయనా, దూలాలు కుళ్ళిపోయాయి. వేలు పెడితే దిగుతోంది. పైన మంచు, చూరు మీద ఆ గడ్డ బరువు... ఎలా నిలబడిందో నాకే తెలీదు."

"బాగుచెయ్యి మరి. నిన్ను పిలిచింది పాట పాడ్డానికా?"

"ఇప్పుడెలా అవుతుందండీ? మొత్తం విప్పాలి. ఈ చలిలో విప్పితే మీరిద్దరూ గడ్డకట్టుకుపోతారు. మే నెల రానివ్వండి, చిల్లు పైకి తీసి, కొత్త దూలాలేసి, చక్కగా చేసిస్తాను. అందాకా లోపల సౌనా వెలిగించకండి. ఇంకో నాలుగుసార్లు కరిగి గడ్డకట్టిందంటే ఆ వెనక భాగం కూలబడుతుంది."

"చిల్లు మూసేస్తే?"

"మూసినా వేడి ఎలాగోలా పైకే పోతుంది. మాట వినండి పెద్దాయనా."

అక్క వంటింట్లో బల్ల దగ్గరే ఉంది. అన్నీ విన్నది. డెన్నిస్‌కు కాఫీ పొయ్యమని నాకు సైగ చేసింది. కాఫీ కూజా తను ఎత్తలేదు కదా.

"అయితే మానేద్దాం. నాకు ఇప్పుడు వేళ్ళు బాగానే ఉన్నాయి" అంది.

వేళ్ళు బల్ల కింద పెట్టుకుని మరీ అంది. బావ ఆమెకేసి చూశాడు. మంచును కూడా తిట్టలేదు. ఆ మనిషి తిట్టకపోతే నాకు భయం వేస్తుంది.

మొదటి శనివారం అక్కను మా ఇంటి సౌనాకు తీసుకొద్దామన్నాను. నాది నేలమాళిగలో ఉంది, మెట్లు నిటారుగా ఉంటాయి. బావ అక్కను రెండు చేతుల మీదా ఎత్తుకుని, గొప్పగా, పెళ్ళికొడుకులా దిగడం మొదలెట్టాడు. మెట్ల మధ్యలో ఆయన నడుము పట్టేసింది. కిందికీ పోలేడు, పైకీ రాలేడు. అక్కను మెట్టు మీద కూర్చోబెట్టి తనూ కూర్చున్నాడు, వాళ్ళ వెనక నేను. కింద నా సౌనా భగభగలాడుతోంది, ముగ్గురం మెట్ల మీద చలికి వణుకుతున్నాం.

"ఏమయ్యా, మా నాన్న దగ్గర అంతసేపు పైమెట్టు మీద కూర్చున్నావు. ఇప్పుడు నడిమెట్టుకే అలిసిపోయావా?" అంది అక్క. ముగ్గురం నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ అక్క ఏడ్చేసింది. ఇంకెవరి ఇంటికైనా వెళ్దామంటే అందరివీ పెరటి చివరే, అన్నిటికీ మంచుదారులే. కింద ఊళ్ళో హోటల్లో ఉన్నదానికి ఒకసారి కారులో తీసుకెళ్ళాం. అక్కడ ముక్కూమొహం తెలియనివాళ్ళు స్నానపు బట్టలేసుకుని సెల్‌ఫోన్ల గురించి మాట్లాడుకుంటున్నారు. రాళ్ళ మీద నీళ్ళు పొయ్యరాదని గోడ మీద రాసి ఉంది. నీళ్ళు పొయ్యని సౌనాలో అక్క బస్సు కోసం ఎదురుచూస్తున్నదానిలా కాసేపు కూర్చుని లేచింది. వేళ్ళు తెరుచుకోలేదు.

అలా కొన్ని వారాలు గడిచాయి. బావ ప్రతి ఉదయం ఆమెకు చెంచాతో గంజి తినిపించడం, జుట్టు దువ్వడం మొదలెట్టాడు. రోడ్డు మీద మంచు తోసినట్టే దువ్వేవాడు, చిక్కులన్నీ ఒక పక్కకి. అక్క ఒక్కసారి కూడా అబ్బా అనలేదు. కానీ పక్క మీద అటూ ఇటూ తిరగలేక మూలుగుతోందని ఆయన నాకు వాకిట్లో చెప్పాడు. చెప్పి, నా మొహం చూడకుండా, మంచును తిట్టడానికి వెళ్ళిపోయాడు. ఆ రోజు తిట్లు సరిగ్గా రాలేదు.

ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం నేను పాత్రలు తోముకుంటూ తలెత్తి చూస్తే వాళ్ళ కొట్టు పక్కగోడ పొగగొట్టంలోంచి పొగ వస్తోంది. చేతులకు సబ్బుతోనే పరిగెత్తాను.

వంటింట్లో నేల మీద గిన్నెలు, బాల్చీలు పెట్టి ఉన్నాయి. అప్పుడే అన్నిట్లోనూ పైనుంచి నీళ్ళు టపటపమని పడుతున్నాయి. సౌనా తలుపు దగ్గర బావ కట్టెలు పట్టుకుని నిలబడ్డాడు. బల్ల దగ్గర అక్క కోటూ టోపీ వేసుకుని, బయటికి పోతున్నదానిలా కూర్చుని ఉంది.

"ఏం చేస్తున్నావు బావా?"

"శనివారం కదా. సౌనా కాస్తున్నాను."

"డెన్నిస్ ఏం చెప్పాడు?"

"డెన్నిస్‌కి వేళ్ళు నొప్పా?"

"నేను వెళ్ళను" అంది అక్క. "ఒళ్ళు కాచుకోవడానికి కొంప కూల్చుకుంటానా? ఆర్పెయ్యి విల్హో."

"రాళ్ళు కాలిపోయాయి. ఆర్పితే మాత్రం ఆగుతుందా?"

"నేను వెళ్ళనన్నానా!"

"వెళ్ళకు. వేడి ఊరికే పైకి పోనీ."

ఇద్దరూ ఇద్దరే. ఈయన తలుపు దగ్గర, ఆమె బల్ల దగ్గర. మధ్యలో ఇంటి కప్పు కరుగుతోంది. ఎవరి కోసం కరుగుతోందో వాళ్ళు లోపలికి పోరు, కరిగించినవాడు ఆర్పడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కాసేపు ఇద్దర్నీ చెడామడా తిట్టాను, ఏం తిట్టానో గుర్తులేదు. తిట్టి తిట్టి, ఇక తిట్టేందుకు ఏమీ లేక, నా స్వెట్టర్ విప్పేశాను.

"నేను పోతున్నాను లోపలికి. కప్పు ఎలాగూ పోతోంది, కట్టెలు ఎలాగూ కాలాయి. ఎవరూ కూర్చోకుండా పోవడం నేను చూడలేను. అక్కా, వస్తావా, ఈడ్చుకెళ్ళమంటావా?"

అక్క తన టోపీ తీయబోయింది. వేళ్ళు కుదరక, టోపీ ఊడేలా తలను గోడకు రాసింది. బావ కట్టెలు కింద పెట్టి, వచ్చి, టోపీ తీసి, కోటు బొత్తాలు ఒక్కొక్కటీ విప్పాడు. విప్పి, తను మాత్రం గొడ్డలి తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

లోపల పాత చెక్క వాసన, మా చిన్నప్పటి వాసన. ఆవిరిలో ఒంటికి కొట్టుకునే భూర్జ రెమ్మల వాసన కూడా. బావ ఎండాకాలంలోనే కోసి ఆరబెట్టి దాచాడన్నమాట. అక్కను కిందిమెట్టు మీద కూర్చోబెట్టి, నేను నీళ్ళు పోశాను. ఆవిరి చుట్టుముట్టింది. చిన్నప్పుడు ఇద్దరం ఇలాగే పక్కపక్కన కూర్చుని ఎవరు ముందు పారిపోతారో పందెం వేసుకునేవాళ్ళం. ఎప్పుడూ నేనే పారిపోయేదాన్ని. ఇవాళ మాత్రం పైన ఆ కుళ్ళిన దూలాలున్నాయని తెలిసి కూడా నాకు కదలబుద్ధి కాలేదు.

బయట గోడకు నిచ్చెన ఆనిన చప్పుడైంది. తర్వాత చూరు మీద గొడ్డలి. టక్, టక్. మా తల మీదే. అక్క పైకి చూసింది.

"నీళ్ళు పోసినప్పుడల్లా అక్కడ గడ్డ పెరుగుతుంది కదే."

"ఇప్పుడవన్నీ ఎందుకు? చెయ్యి ఇటివ్వు."

ఆమె పిడికిలి నా ఒళ్ళో పెట్టుకుని నిమురుతూ కూర్చున్నాను. ముందు చిటికెన వేలు వదిలింది. తర్వాత ఉంగరపు వేలు, అదీ సగమే. మెల్లిగా అరచెయ్యి కనపడింది, తెల్లగా, గోళ్ళ గుర్తులతో. అక్క ఆ చేతిని తనదే కాదన్నట్టు తిప్పి తిప్పి చూసుకుంది. తర్వాత వంగి, నీళ్ళ బాల్చీలోంచి గరిటె తనే తీసింది. ఎన్ని వారాల తర్వాతో తన చేత్తో ఒక వస్తువు పట్టుకుంది. గరిటె నిండా నీళ్ళు ముంచి రాళ్ళ మీదికి చాచింది.

పైన టక్, టక్. మధ్యలో ఆయన దగ్గు. మళ్ళీ టక్.

అక్క గరిటె అలాగే పట్టుకుని ఉంది. పొయ్యలేదు. కొన్ని చుక్కలు నా కాలి మీద పడ్డాయి. తర్వాత గరిటెను మెల్లిగా వెనక్కి తెచ్చి, చప్పుడు కాకుండా, నీళ్ళను మళ్ళీ బాల్చీలోకి వదిలేసింది.

"చాలు సైమా, పోదాం పద. ముసలాడు పడిపోతాడు."

నేను లేవకుండా ఆమె చెయ్యి మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నాను. రాళ్ళు ఆరుతున్నాయి. లోపల అంతా నిశ్శబ్దంగా అయిపోయింది. కాసేపటికి పైన గొడ్డలి కూడా ఆగింది. ఆయన చెవి ఒగ్గి వింటున్నాడని అప్పుడు నాకు తెలిసింది. గోడ మీద దబదబా గుద్దాడు.

"ఐలీ! నీళ్ళు పొయ్యవేం? చప్పుడు రావడం లేదు!"

అక్క నా వైపు చూసింది. ఆమె మొహం మీద కారుతున్నది చెమటో, కన్నీళ్ళో నేను చెప్పలేను.

"పోస్తున్నానయ్యా!" అని గోడకేసి అరిచింది.

తెరుచుకున్న వేళ్ళతో గరిటె నింపి రాళ్ళ మీద పోసింది. రాళ్ళు బుస్సుమన్నాయి. పైన గొడ్డలి మళ్ళీ మొదలైంది.